హార్మోన్ మాత్రంటే భయం, దుంప క్రీమంటే నమ్మకం

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో నలభై అయిదు దాటి, పీరియడ్స్ ఆగిపోయే దశలో ఉన్న ఆడవాళ్లను కదిలిస్తే తరచూ వినపడే మాట ఇది: "డాక్టరమ్మ హార్మోన్ మాత్రలు రాసింది గానీ నేను వేసుకోలేదు, క్యాన్సర్ వస్తుందంట కదా." సరే, భయం అర్థమవుతుంది. కానీ ఆ వెంటనే "ఆన్‌లైన్‌లో నాచురల్ ప్రొజెస్టరాన్ క్రీమ్ తెప్పించా, ఏదో దుంపతో చేస్తారట, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవట" అంటే మాత్రం ఎక్కడో లెక్క తప్పినట్టే. ఇంకో విచిత్రం ఉంది. వ్రతమనో, తిరుపతి ప్రయాణమనో, మేనకోడలి పెళ్లనో పీరియడ్స్ వాయిదా వేసుకోవడానికి ఏళ్ల తరబడి మందుల షాపులో చీటీ లేకుండా కొని మింగిన మాత్ర కూడా హార్మోన్ మందే. దాని పేరు నోరెథిస్టరాన్. దాన్ని చూసి ఇంట్లో ఎవరూ భయపడలేదు, అత్తగారే తెచ్చిచ్చిన ఇళ్లు కూడా ఉన్నాయి.

నా ఉద్దేశంలో ఈ భయమూ ఈ నమ్మకమూ ఒకే గందరగోళంలోంచి పుట్టాయి. మన ఒంట్లో తయారయ్యే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ వేరు, అది చేసే పనిలో కొంత చేసేలా ల్యాబ్‌లో తయారైన ప్రొజెస్టిన్లు వేరు. తొంభై ఏళ్లుగా ఈ రెండూ ఒకదాని పేరు మీద ఇంకొకటి చెలామణి అవుతున్నాయి.

ముందు ఒంట్లో జరిగేది చూద్దాం. ప్రతి నెలా అండం విడుదలయ్యాక, అది ఉన్న చోట కార్పస్ లూటియం అనే చిన్న పసుపుపచ్చ గ్రంథి తయారవుతుంది. ప్రొజెస్టరాన్ ప్రధానంగా అక్కడి నుంచే వస్తుంది. నలభైల్లోకి వచ్చాక కొన్ని నెలలు అండం విడుదల కాదు, అలాంటప్పుడు ఆ గ్రంథీ ఉండదు, ఆ నెల ప్రొజెస్టరాన్ దాదాపు ఉండదు. ఈస్ట్రోజన్ అనే ఇంకో హార్మోన్ మాత్రం ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువగా ఊగిసలాడుతూనే ఉంటుంది. గర్భసంచి లోపలి పొరను పెంచేది ఈస్ట్రోజన్, ఆ పెరుగుదలకు పగ్గం వేసేది ప్రొజెస్టరాన్. పగ్గం లేకపోతే పొర మందంగా పెరిగిపోయి, ఎప్పుడో ఒకసారి మొదలైన బ్లీడింగ్ పది పదిహేను రోజులు ఆగదు. చాలామందికి పీరియడ్స్ పూర్తిగా ఆగిపోయాక కంటే ఆగడానికి ముందు సంవత్సరాల్లోనే ఎక్కువ అవస్థ ఉండేది ఇందుకే. మన దేశంలో పీరియడ్స్ ఆగిపోయే సగటు వయసు 46, 47 దగ్గర, అమెరికాలో అది 51. అంటే మనకు ఈ గొడవ నలభై రెండు, నలభై మూడుకే మొదలవచ్చు. ఆ వయసులో "ఇంకా చిన్నదానివే, టెన్షన్ పడుతున్నావు అంతే" అని తేల్చేసేవాళ్లే ఎక్కువ.

ఈ హార్మోన్ ఉందని తేలింది కుందేళ్ల వల్ల. 1929లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జార్జ్ కార్నర్, ఆయన విద్యార్థి విల్లార్డ్ అలెన్ కలిసి, కడుపుతో ఉన్న కుందేళ్ల అండాశయాలు తీసేసి, పందుల కార్పస్ లూటియం నుంచి తీసిన సారాన్ని ఎక్కించి చూశారు. గర్భం నిలిచింది. ఆ సారం గర్భసంచి పొర మీద పనిచేస్తోందా అని వేరే కుందేళ్లలో పరీక్షించేటప్పుడు ఒక తమాషా జరిగింది. అదే మందు అలెన్ ఇస్తే పనిచేసేది, కార్నర్ ఇస్తే పనిచేసేది కాదు. గురువుగారు తలపట్టుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, కార్నర్ ఎంచుకున్నవి ఇంకా ఎదగని చిన్న కుందేళ్లు, అలెన్ తీసుకున్నవి ఎదిగినవి. చిన్నవాటిలో ఈస్ట్రోజన్ ఇంకా పని మొదలుపెట్టలేదు. ఈస్ట్రోజన్ దున్ని ఉంచని చేలో ప్రొజెస్టరాన్ ఎంత చల్లినా మొలవదన్నమాట. ఇవాళ "ఈస్ట్రోజన్ చెడ్డది, ప్రొజెస్టరాన్ మంచిది" అని వీడియోల్లో చెప్పేవాళ్లకి ఈ కుందేళ్ల కథ ఎవరైనా వినిపిస్తే బాగుండు.

1934లో నాలుగు పరిశోధక బృందాలు దాదాపు ఒకేసారి స్వచ్ఛమైన ప్రొజెస్టరాన్‌ని వేరుచేశాయి. వాటిలో జర్మన్ కెమిస్ట్ అడాల్ఫ్ బ్యూటెనాంట్‌కి 50,000 ఆడపందుల అండాశయాల నుంచి దక్కింది 20 మిల్లీగ్రాములు. ఇప్పుడు ఒక్క క్యాప్సూల్‌లోనే 100 లేదా 200 మిల్లీగ్రాములు ఉంటాయి! అంత అపురూపమైన పదార్థం కాబట్టి ధర కూడా బంగారానికి ఎన్నో రెట్లు ఉండేది.

ఆ ధరని పడగొట్టిన మనిషి రసెల్ మార్కర్. పెన్సిల్వేనియాలో ప్రొఫెసర్, మొండి మనిషి. మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతంలో పెరిగే ఒక అడవి దుంపలో డయోస్‌జెనిన్ అనే పదార్థం ఉందని, దాన్ని కొన్ని రసాయన చర్యలతో ప్రొజెస్టరాన్‌గా మార్చవచ్చని కనిపెట్టాడు. అమెరికన్ కంపెనీలు నమ్మలేదు, డబ్బు పెట్టలేదు. తనే మెక్సికో వెళ్లి దుంపలు సేకరించి, ఒక చిన్న ల్యాబ్‌లో కిలోల లెక్కన ప్రొజెస్టరాన్ తయారుచేశాడు. 1944లో మెక్సికో నగరంలో సింటెక్స్ కంపెనీ అలా పుట్టింది. ఏడాది తిరక్కుండానే భాగస్వాములతో గొడవపడి మార్కర్ బయటికి వచ్చేశాడు, అది వేరే కథ.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: దుంప ప్రొజెస్టరాన్‌గా మారింది ఫ్లాస్కులో, మనిషి ఒంట్లో కాదు. ఆ మార్పు చేసే ఎంజైములు మనకు లేవు. మన ఊళ్లలో పులుసు పెట్టుకునే పెండలం కూడా డయోస్కోరియా జాతిదే, అంతమాత్రాన పెండలం తిన్నవాళ్లకి హార్మోన్ పెరగదు. 'వైల్డ్ యామ్' సారం మాత్రమే ఉన్న క్రీమ్ రాసుకున్నా అంతే.

ఈ దుంపకి బెంగళూరుతో కూడా చుట్టరికం ఉంది. నగర శివార్లలోని హెసరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధనా సంస్థ, మధ్య అమెరికా నుంచి వచ్చిన డయోస్కోరియా ఫ్లోరిబండా అనే రకం మీద పనిచేసి 'అర్క ఉపకార్' అనే వంగడాన్ని తయారుచేసింది. కూర కోసం కాదు, స్టెరాయిడ్, గర్భనిరోధక మందులకు ముడిసరుకు కోసం. 'దుంప హార్మోన్' అంటే పరిశోధనా కేంద్రం, కర్మాగారం, రియాక్టర్ అన్నీ ఉన్న వ్యవహారం, అమ్మమ్మల నాటి చిట్కా కాదు.

ఇక ప్రొజెస్టరాన్ చవకైంది, బాగానే ఉంది, కానీ మాత్రగా మింగితే కాలేయం దాన్ని చాలావరకు విరిచేస్తుంది. ఇంజెక్షనే దిక్కు. అందుకని నోటి ద్వారా పనిచేసే కొత్త అణువుల వేట మొదలైంది, మొదట్లో చెప్పిన ప్రొజెస్టిన్లు ఇవే. 1951లో సింటెక్స్‌లోనే కార్ల్ జెరాసీ, జార్జ్ రోజెన్‌క్రాంజ్, లూయిస్ మిరామోంటెస్ నోరెథిస్టరాన్‌ని తయారుచేశారు. అదే, పెళ్లిళ్లకి మన చేతిసంచీల్లో ఉండే మాత్ర. ఆ తర్వాత వచ్చిన మెడ్రాక్సీ ప్రొజెస్టరాన్ అసిటేట్ పేరులో ప్రొజెస్టరాన్ అని ఉంటుంది, కానీ అది వేరే మందు. దీన్ని ఎంపీఏ అందాం.

మరోవైపు ఆ రోజుల్లో ఈస్ట్రోజన్ ఒంటరిగా ఏలేది. 1942 నుంచి అమెరికాలో, చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ మాత్రలు అమ్ముతున్నారు. 1966లో రాబర్ట్ విల్సన్ అనే న్యూయార్క్ గైనకాలజిస్ట్, మెనోపాజ్, అంటే పీరియడ్స్ ఆగిపోవడం, లోపం వల్ల వచ్చే రోగమని, ఈస్ట్రోజన్‌తో యవ్వనం నిలుస్తుందని పుస్తకం రాసేసరికి అమ్మకాలు ఎగబాకాయి. ఆయన ఫౌండేషన్‌కి హార్మోన్ కంపెనీల నుంచి డబ్బు అందిందని తర్వాత బయటపడింది. 1975లో రెండు అధ్యయనాలు వచ్చాయి: ఈస్ట్రోజన్ ఒక్కటే వాడిన స్త్రీలలో గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ బాగా పెరిగింది. పగ్గం లేని పెరుగుదల అని పైన చెప్పుకున్నదే. దాంతో గర్భసంచి ఉన్నవాళ్లకి ఈస్ట్రోజన్‌తో పాటు రెండో మందు తప్పనిసరి అయింది, అమెరికాలో ఆ రెండో మందు దాదాపుగా ఎంపీఏ.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. 2002 జులైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే భారీ ట్రయల్‌లో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. 16,608 మంది స్త్రీలు, గుర్రపు ఈస్ట్రోజన్ ప్లస్ ఎంపీఏ. రొమ్ము క్యాన్సర్ 26% పెరిగిందని ప్రపంచమంతా పతాక శీర్షికలు. ఆ 26% నిజమే, కానీ మనుషుల లెక్కలో చూస్తే ఏడాదికి ప్రతి 10,000 మందిలో 30 కేసులు ఉండాల్సిన చోట 38. పైగా ఆ స్త్రీల సగటు వయసు 63, అంటే చాలామందికి పీరియడ్స్ ఆగి పదేళ్లు దాటిపోయింది. ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టని నలభై ఎనిమిదేళ్ల మనిషి గురించి ఆ ట్రయల్ నేరుగా చెప్పింది తక్కువ. 2004లో దాని రెండో భాగం ఫలితం వచ్చింది. గర్భసంచి తీసేసిన 10,739 మంది మీద ఈస్ట్రోజన్ ఒక్కటే పరీక్షించారు. పక్షవాతం ముప్పు పెరిగింది, రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు. ఇది పతాక శీర్షిక కాలేదు. మన దాకా, మన వాట్సాప్ దాకా వచ్చింది మొదటి సగమే.

అమెరికా ట్రయల్ ఎంపీఏతో నడుస్తున్నప్పటికే ఫ్రాన్స్‌లో వేరే దారి ఉంది. ప్రొజెస్టరాన్‌ని అతి సూక్ష్మమైన పొడిగా చేసి నూనెలో కలిపి క్యాప్సూల్‌లో పెడితే నోటి ద్వారా కూడా చాలినంత అందుతుందని తేలి, 1980 నుంచే అక్కడ వాడుతున్నారు. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ అంటే ఇదే, అమెరికాకి ఇది 1998లో గానీ రాలేదు. సుమారు 80,000 మంది ఫ్రెంచి స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన ఈ3ఎన్ అధ్యయనం 2008లో చెప్పిన ప్రకారం, ఈస్ట్రోజన్‌తో చాలా రకాల సింథటిక్ ప్రొజెస్టిన్లు వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగింది, ప్రొజెస్టరాన్ వాడినవాళ్లలో అలా కనిపించలేదు. ఇది గమనింపు మాత్రమే, లాటరీ వేసి మందు ఇచ్చిన ట్రయల్ కాదు, కాబట్టి దీన్ని పట్టుకుని "పూర్తిగా సేఫ్" అనడం కూడా తొందరపాటే.

దుంప క్రీముల కథ ఈ సందులోంచే వచ్చింది. 1990ల్లో కాలిఫోర్నియా డాక్టర్ జాన్ లీ, ఆడవాళ్ల కష్టాలన్నిటికీ 'ఈస్ట్రోజన్ డామినెన్స్' కారణమని, ప్రొజెస్టరాన్ క్రీమ్ రాసుకుంటే సరిపోతుందని ప్రచారం చేశారు. అండం విడుదల కాని నెలల్లో ప్రొజెస్టరాన్ ఉండదన్న సగం నిజం అందులో ఉంది. కానీ చర్మం ద్వారా రక్తంలోకి చేరేది తక్కువ, ఈస్ట్రోజన్ వాడుతున్న మనిషి గర్భసంచి పొరను అదుపు చేయడానికి దాన్ని నమ్ముకోలేం. ఈ క్రీముల తోకగా వచ్చినవే 'హార్మోన్ బ్యాలెన్స్' పరీక్షల ప్యాకేజీలు. నలభై అయిదు దాటి, లక్షణాలు స్పష్టంగా ఉంటే మెనోపాజ్ దశని తేల్చడానికి మామూలుగా హార్మోన్ పరీక్ష అక్కర్లేదని బ్రిటన్ మార్గదర్శకాలు 2015 నుంచి చెబుతున్నాయి. ఇవాళ ఎక్కువున్న ఈస్ట్రోజన్ వచ్చేవారం తక్కువుంటుంది, ఇక వేల రూపాయలు పోసి చేయించిన రిపోర్టులో బ్యాలెన్స్ ఎక్కడ వెతుకుతాం? థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి, అది పనికొస్తుంది.

మన తెలుగువాళ్ల విషయంలో ఇంకొకటి ఉంది, పైన చెప్పిన చర్చలన్నీ దాన్ని దాటుకుని పోతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3% చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9%, తెలంగాణలో 8% దగ్గర, దేశంలో మొదటి వరసలో మనమే. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా దాంతో పనేముంది" అన్న మాటతో ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ అయిపోయిన పిన్నులూ, వదినలూ మన ప్రతి ఇంటి చుట్టాల్లోనూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఉండింది మాత్రలకో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌కో లొంగే బ్లీడింగే అయ్యుండొచ్చు. అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద నిఘా పెట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్ అయినవాళ్లకి లెక్క మారిపోతుంది. గర్భసంచి లేకపోతే కాపాడాల్సిన పొర లేదు, కాబట్టి సాధారణంగా ప్రొజెస్టరాన్ అవసరం లేదు, కావాలంటే ఈస్ట్రోజన్ ఒక్కటే. అండాశయాలు కూడా తీసేసి ఉంటే మెనోపాజ్ ఒక్క రోజులో వచ్చిపడుతుంది, ఎముకలకీ గుండెకీ ముప్పు ముందే మొదలవుతుంది. అలాంటివాళ్లకి భయపడి హార్మోన్ ఆపేయడమే నష్టం కావచ్చు. ఊళ్లో ఆపరేషన్ చేయించుకుని కొడుకు దగ్గర ఉండటానికి బెంగళూరు వచ్చిన అమ్మ దగ్గర ఆ కాగితాలు ఉండవు, ఏం తీశారో ఆమెకీ తెలియదు. స్కాన్ తీయిస్తే గర్భసంచి సంగతి ఖాయంగా, అండాశయాల సంగతి చాలావరకు తెలుస్తుంది.

2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మెనోపాజ్ హార్మోన్ మందుల డబ్బాల మీద 2002 ట్రయల్ తర్వాత పెట్టిన పెద్ద హెచ్చరికల్లో చాలావాటిని తీసేయిస్తున్నట్టు ప్రకటించింది. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భసంచి క్యాన్సర్ ముప్పు అన్న హెచ్చరిక మాత్రం ఉంచింది. అరవై లోపు, లేదా పీరియడ్స్ ఆగి పదేళ్లు దాటనివాళ్లలో, లక్షణాలు బాధిస్తుంటే, లాభం సాధారణంగా నష్టం కంటే ఎక్కువని నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు వేరే మందులు అడగాలి. మైక్రోనైజ్డ్ క్యాప్సూల్ రాత్రి పడుకోబోయే ముందే వేసుకోవాలి, మత్తు వస్తుంది, నిద్రలేని వాళ్లకి అదే వరం. కొన్ని బ్రాండ్లలో వేరుశనగ నూనె ఉంటుంది, పల్లీలు పడనివాళ్లు చీటీ రాసేటప్పుడే చెప్పాలి. ఇక ఏ మందూ వాడకపోయినా, ఏడాది పాటు పీరియడ్స్ రాకుండా ఉండి మళ్లీ ఒక్క చుక్క కనిపించినా, "మళ్లీ వచ్చాయిలే" అని ఊరుకోకుండా ఆ వారంలోనే గైనకాలజిస్ట్ దగ్గరికెళ్లి గర్భసంచి పొర మందం చూపించుకోవాలి.