అమెరికా ఫోన్‌లో మన సిమ్: అన్‌లాక్ చుట్టూ తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

విజయవాడలో పదిహేనేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. సంక్రాంతి వచ్చిందంటే మా షాపులో అమెరికా ఫోన్ల సందడే. మొన్నటి పండక్కి రిటైరైన ఒక మాస్టారు ఐఫోన్ 13 తెచ్చారు. "బాబూ, మావాడు అక్కణ్నుంచి తెచ్చిచ్చి వెళ్లాడు. మన సిమ్ వేస్తే ఏదో రాస్తోంది, కాస్త చూడు" అన్నారు. తెర మీద 'సిమ్ నాట్ సపోర్టెడ్' అని ఉంది. కొడుకు వాడి ఇచ్చిన ఫోను, గీత కూడా పడలేదు. దాని వాయిదాలు అమెరికాలో ఇంకా నడుస్తున్నాయి. అది నా చేతిలో తీరే పని కాదని చెప్పడానికి మనసొప్పలేదు. ఆయనలాంటి వాళ్లు ఏటా పదుల మంది వస్తుంటారు కాబట్టి, తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో ఏ సిమ్ అయినా పనిచేస్తుంది.

మన దగ్గర ఈ నమ్మకం రావడం సహజమే. ఇక్కడ ఫోన్ ఒకచోట కొంటాం, సిమ్ ఇంకోచోట తీసుకుంటాం. లాక్, అంటే ఫోన్‌ను ఒక్క కంపెనీకే కట్టేసే తాళం, మనకు ఎప్పుడో రిలయన్స్ సీడీఎంఏ ఫోన్ల రోజుల్లో, ఆ తర్వాత 2017లో వచ్చిన జియోఫోన్‌తో మాత్రమే తెలిసింది. అమెరికాలో అలా కాదు. వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ లాంటి నెట్‌వర్క్ కంపెనీలే రెండు మూడేళ్ల వాయిదాల మీద ఫోన్లు అమ్ముతాయి. ఆ ఫోన్ తమ సిమ్‌తోనే నడిచేలా తాళం వేస్తాయి. సూపర్ మార్కెట్లలో చవగ్గా దొరికే ప్రీపెయిడ్ ఫోన్లకూ ఈ తాళం ఉంటుంది.

ఆ తాళం తీయించుకోవడం అక్కడ చట్టబద్ధమే. 2014లో ప్రత్యేకంగా చట్టం కూడా చేశారు. కానీ తీయాల్సింది తాళం వేసిన కంపెనీయే. వాయిదాలన్నీ తీరాలి, కొన్నాళ్లు వాళ్ల నెట్‌వర్క్‌లో వాడి ఉండాలి, ఫోన్ పోయిందన్న ఫిర్యాదు ఉండకూడదు. ఈ షరతులు కంపెనీకో రకంగా ఉంటాయి, మారుతూ కూడా ఉంటాయి. అందుకే మీవాళ్లు విమానం ఎక్కకముందే కంపెనీని అడిగి తేల్చుకోమనండి. ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లే అడగాలి.

ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరవండి. క్యారియర్ లాక్ అన్న చోట 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటే తాళం లేనట్టే. ఆండ్రాయిడ్‌కైతే వేరే కంపెనీ సిమ్ వేసి చూడటమే అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

అపోహ: అమెరికా సిమ్‌తో ఇక్కడ కాల్స్ వెళ్తున్నాయి, అంటే అన్‌లాక్ అయినట్టే.

కాదు. అది రోమింగ్. లాక్ ఉన్న ఫోన్ కూడా సొంత కంపెనీ సిమ్‌తో దేశం దాటినా పనిచేస్తుంది. తాళం చూసేది సిమ్ ఎవరిదని, ఏ ఊళ్లో ఉన్నారని కాదు. ఈ ఒక్క పొరపాటు వల్లే "నేను వచ్చినప్పుడు బాగానే పనిచేసిందే" అంటూ పిల్లలు ఫోన్ అమ్మానాన్నలకు ఇచ్చేసి వెళ్లిపోతారు.

అపోహ: రీసెట్ కొట్టినా, సాఫ్ట్‌వేర్ మార్చినా లాక్ పోతుంది.

రీసెట్ చేస్తే పోయేది మీ ఫొటోలు, కాంటాక్టులు. సిమ్ లాక్ అక్కడే ఉంటుంది. ఐఫోన్‌కైతే ఆ లాక్ వివరం యాపిల్ సర్వర్‌లో ఉంటుంది, ఫోన్ ఎన్నిసార్లు తుడిచినా యాక్టివేట్ అయ్యేటప్పుడు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. సిమ్ కింద పల్చటి చిప్ పెట్టి "పర్మనెంట్ అన్‌లాక్" అని చెప్పేవాళ్లున్నారు. అది ఫోన్‌ను ఏమార్చడమే. ఒక అప్‌డేట్ రాగానే సిగ్నల్ పోతుంది, మళ్లీ షాపు చుట్టూ తిరగాలి. నేను ఆ పని చేయను, చేయించుకోవద్దని కూడా చెబుతాను.

స్క్రీన్ లాక్, ఐక్లౌడ్ లాక్ (పాత యజమాని యాపిల్ ఖాతాది), బూట్‌లోడర్ లాక్ (ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్చకుండా ఆపేది), సిమ్ లాక్ నాలుగూ వేర్వేరు. సెకండ్ హ్యాండ్‌లో "అన్‌లాక్డ్" అని రాసి అమ్ముతుంటే ఏ లాక్ సంగతో అడగండి.

అపోహ: అన్‌లాక్ అయితే చాలు, ఏ నెట్‌వర్క్ అయినా పూర్తిగా అందుతుంది.

ఎక్కువమంది టెన్షన్ పడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. తాళం తీస్తే సిమ్‌ను ఫోన్ ఒప్పుకుంటుంది, అంతే. టవర్ పంపే తరంగాలను పట్టుకునే శక్తి ఆ మోడల్‌లో ఉందా లేదా అన్నది వేరే సంగతి. వాటినే బ్యాండ్లు అంటాం. జియో 4జీ నడిచేది 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌ల మీద. ఎయిర్‌టెల్ 900, 1800, 2100, 2300 వాడుతుంది. మన 2300, అంటే బ్యాండ్ 40, అమెరికా కంపెనీలు వాడవు. అందుకే అక్కడి చవక ఫోన్లలో అది చాలావాటికి ఉండదు. 850 దొరుకుతుంది కాబట్టి సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

బీఎస్ఎన్ఎల్ 4జీ ఇంకో మెలిక. అది 700, 2100ల మీద వస్తుంది. అమెరికా ఫోన్ డబ్బా మీద కూడా 700 అని ఉంటుంది. కానీ వాళ్లది బ్యాండ్ 12, 13, 17. మనది 28. అంకె ఒక్కటే, బ్యాండ్ వేరు. కొత్త ఐఫోన్లు, ఖరీదైన ఫోన్లలో ఈ బ్యాండ్లన్నీ దాదాపుగా ఉంటాయి. ఇబ్బందంతా తక్కువ ధర ఫోన్లతోనే.

బ్యాండ్ కుదిరినా కాల్ వెళ్లకపోవచ్చు. జియోకు 2జీ, 3జీ లేవు. మామూలు కాల్ కూడా 4జీ మీదే, వోల్టీ (VoLTE) పద్ధతిలో వెళ్లాలి. ఆ కంపెనీకి తగిన సెట్టింగులు ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే వాట్సాప్ నడుస్తుంది, యూట్యూబ్ నడుస్తుంది, నంబర్ నొక్కితే కాల్ కట్ అవుతుంది. కస్టమర్ "సిమ్ పాడైంది" అనుకుని మూడుసార్లు సిమ్ మార్పించుకుని నా దగ్గరకు వస్తాడు. ఎయిర్‌టెల్, వీఐలకు ఇంకా 2జీ ఉంది కాబట్టి అదే ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే కాల్ 2జీ మీదకు దిగి వెళ్లిపోతుంది. ఇలాంటి ఫోన్‌ను పెద్దవాళ్లకిచ్చే ముందు ఒకసారి మామూలు కాల్ చేసి చూడండి. అర్ధరాత్రి 108కి చేయాల్సి వస్తే వాట్సాప్ పనికిరాదు.

అపోహ: సిమ్ పెట్టే చోటు ఎక్కడో ఉంటుంది, షాపులో చూపిస్తారు.

అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 నుంచి సిమ్ ట్రేనే లేదు. ఐఫోన్ 17తో గల్ఫ్ దేశాల్లో అమ్మేవాటికీ తీసేశారు. దుబాయ్ నుంచి తెప్పించుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఈ-సిమ్, అంటే ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్ తీసుకోవాల్సిందే. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఇస్తాయి. అయితే ఫోన్ చార్జింగ్ అయిపోతే సిమ్ తీసి కీప్యాడ్ ఫోన్‌లో వేసుకునే అలవాటున్న పెద్దలకు ఇది కష్టం. ఆ సంగతి ముందే వాళ్లకు చెప్పండి.

అపోహ: మన ఓపెన్ (లాక్ లేని) ఫోన్ అమెరికాలో ఏ సిమ్‌తోనైనా నడుస్తుంది.

చదువుకు వెళ్లే పిల్లలు తప్పక చదవాల్సిన మాట ఇది. అక్కడి పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ మూసేశాయి, కాబట్టి అక్కడా కాల్స్‌కు వోల్టీ కావాలి. ఏటీ అండ్ టీ తన జాబితాలో లేని మోడళ్లను, లాక్ లేకపోయినా సరే, ఒప్పుకోదు. మన దగ్గర కొన్న ఫోన్లు చాలా ఆ జాబితాలో ఉండవు. టీ-మొబైల్ మనవాటికి కాస్త అనుకూలం, కానీ దాని 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 71 లేకపోతే ఊరి బయట, బిల్డింగుల లోపల సిగ్నల్ పల్చబడుతుంది. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐని (ఫోన్ గుర్తింపు సంఖ్యను) ఆ కంపెనీ సైట్‌లో వేసి చూసుకున్నాకే కొత్త ఫోన్ కొనండి.

అపోహ: బ్లాక్ అయిన ఫోన్‌కు ఐఎంఈఐ మార్పిస్తే సరి.

అది నేరం. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. పాత ఫోన్ కొనేముందు ప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌లో ఐఎంఈఐ చూసుకుంటే సగం చింత పోతుంది.

ఇక మాస్టారి ఫోన్ సంగతి. వాళ్లబ్బాయితో ఆ రోజే మాట్లాడించాను. మిగిలిన వాయిదాలు కట్టేసి, కంపెనీని అన్‌లాక్ అడగమన్నాను. మూడు వారాలకు మాస్టారు మళ్లీ వచ్చారు, ఈసారి ఫోన్ చూపించడానికి. ఇంట్లో వైఫై పెట్టి, పాత సిమ్ వేసి ఆన్ చేశారట. ఇంకెవరి చేయీ పడకుండానే ఎయిర్‌టెల్ అని కనిపించిందట. మా కౌంటర్ దగ్గరే నిలబడి కొడుక్కి కాల్ చేశారు.