ఆఫీసుకు వెళ్ళే సైకిల్: గట్టిదనం, వేగం మీద అపోహలు - వాస్తవాలు

రోజూ పది పన్నెండు కిలోమీటర్లు ఆఫీసుకు తొక్కడానికి సైకిల్ కొనేవాళ్ళు ముందు ఫ్రేము చూస్తారు, తర్వాత గేర్లు లెక్కపెడతారు. వెనక చక్రాన్ని ఎత్తి తిప్పి చూసేవాళ్ళు తక్కువ. సిటీలో ముందుగా పాడయ్యేది ఆ చక్రమే. వేగం తగ్గడంలో కూడా చక్రాల పాత్ర ఉంటుంది.

అపోహ: టైరు ఎంత సన్నగా ఉంటే అంత వేగం.

నున్నటి ట్రాక్ మీద సరే. హైదరాబాద్‌లో తవ్వి పూడ్చిన రోడ్డు మీద 25 మి.మీ. టైరులో 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొడితే ప్రతి గతుకుకీ సైకిలూ మనిషీ ఎగురుతారు. తొక్కిన బలంలో కొంత ఆ ఎగరడానికే పోతుంది. గుంత అంచు గట్టిగా తగిలితే ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ముల్లు గుచ్చుకుంటే మామూలుగా ఒకే రంధ్రం ఉంటుంది. రెండు చీలికలు జంటగా కనిపిస్తే గాలి తక్కువైందని, లేదా ఆ రోడ్డుకి టైరు మరీ సన్నగా ఉందని అర్థం.

700 సైజు చక్రానికి 32 నుంచి 38 మి.మీ. వెడల్పున్న టైరు తీసుకోండి. 70 కిలోల మనిషి 35 మి.మీ. టైరులో ముందు 45, వెనక 55 పీఎస్ఐతో మొదలుపెట్టి, తొక్కి చూసి కొంచెం అటూ ఇటూ మార్చుకోవచ్చు. టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠ అంకె దాటకూడదు. పంక్చర్ కాకపోయినా ట్యూబులో గాలి తగ్గుతూనే ఉంటుంది, వారానికోసారి చూసుకోవాలి.

వాల్వు స్కూటర్లకుండే రకమైతే పెట్రోల్ బంకులో కూడా గాలి పట్టుకోవచ్చు. కానీ కారు టైరుకి పట్టినట్టు పట్టించకండి. సైకిల్ ట్యూబు సెకన్లలో నిండి పగిలిపోగలదు. కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, ప్రతిసారీ కొలిచి చూడాలి.

అపోహ: వానలో బొడిపెల టైరుకే పట్టు ఎక్కువ.

బొడిపెలు మట్టిలో దిగడానికి. తారు మీద నున్నటి రబ్బరుకే ఎక్కువ ఆనిక దొరుకుతుంది, శబ్దమూ తక్కువ. వానలో జారేది ఎక్కువగా ఇనుప మ్యాన్‌హోల్ మూతల మీద, జీబ్రా గీతల రంగు మీద. అక్కడ ఏ టైరైనా జారుతుంది. హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు నొక్కకుండా నిటారుగా దాటేయాలి.

అపోహ: ముందు సస్పెన్షన్ ఉంటేనే గట్టి సైకిల్.

తక్కువ ధర సైకిళ్ళలో వచ్చే స్ప్రింగు ఫోర్కు రెండు కిలోలు దాటుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ లేచి తొక్కితే మీ బలం స్ప్రింగుని నొక్కడానికి ఖర్చవుతుంది. రెండు వానాకాలాలు గడిస్తే లోపల ఆడడం మొదలవుతుంది, ఆ ఫోర్కులకి విడిభాగాలు దొరకడం కష్టం. మామూలు స్టీలు ఫోర్కు, వెడల్పు టైరు చాలు.

అపోహ: 21 గేర్లుంటే ఎక్కువ వేగం.

ముందు 3, వెనక 7 పళ్ళచక్రాలను గుణిస్తే 21. వాటిలో చాలా గేర్లు ఒకదానికొకటి దాదాపు సమానం. లెక్క చూడండి: ముందు 38 పళ్ళు, వెనక 14, టైరు 700×35, నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే గంటకి 28 కిలోమీటర్లు. సిటీ ట్రాఫిక్‌లో అంతకు మించిన వేగం ఎంతసేపు వాడతారు? అదే 38ని వెనక 32 పళ్ళ మీద వేసి నిమిషానికి 60 సార్లు తిప్పితే గంటకి 9 కిలోమీటర్ల వేగంతో ఎత్తు ఎక్కొచ్చు. జూబ్లీహిల్స్, విశాఖ ఎత్తుల కోసం ముందు ఒకటి, వెనక 8 ఉన్న అమరిక సరిపోతుంది. ముందు గేరు మార్చే యంత్రమే ఉండదు కాబట్టి అది తప్పే గొడవా ఉండదు. కాకినాడ లాంటి సమతలపు ఊళ్ళో అయితే ముందు 44, వెనక 18 పళ్ళున్న ఒకే గేరు సైకిల్ (సింగిల్ స్పీడ్) చాలు.

అపోహ: బరువున్న సైకిలే మన్నుతుంది.

ఇక్కడ కాస్త ఆగండి. మన్నిక సైకిల్ బరువులో కాదు, వెనక చక్రంలో ఉంది. రోజూ ల్యాప్‌టాప్ బ్యాగుతో తొక్కే సైకిల్లో ముందుగా దెబ్బతినేవి వెనక ఇరుసు, వెనక స్పోకులు. 7 గేర్ల స్క్రూ ఫ్రీవీల్ (పళ్ళచక్రాలూ, వాటిని వెనక్కి తిరగనిచ్చే యంత్రమూ ఒకే ముక్కగా స్క్రూలా తిప్పి బిగించేది) ఉన్న హబ్బులో, అంటే చక్రం నడిమి భాగంలో, కుడి బేరింగు పళ్ళచక్రాలకి లోపలివైపు ఉంటుంది. అక్కడి నుంచి ఫ్రేము దాకా ఇరుసుకి మూడు నాలుగు సెంటీమీటర్ల మేర ఆధారం లేదు. స్పీడ్ బ్రేకర్ల మీద దబ్‌మని దిగుతుంటే అక్కడే వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. క్యాసెట్ హబ్బులో (ఆ యంత్రం హబ్బులోనే ఉండి, పళ్ళచక్రాలు మాత్రం దాని మీదికి ఎక్కించేది) ఆ బేరింగు దాదాపు ఫ్రేము పక్కనే ఉంటుంది.

షాపులో తేడా తెలుసుకోవడం తేలిక. పళ్ళచక్రాల్ని వెనక్కి తిప్పి, నడిమధ్య ఉన్న గాట్ల రింగు చూడండి. అదీ కలిసి తిరిగితే క్యాసెట్, నిలిచిపోతే ఫ్రీవీల్. మీ బరువు 80 కిలోలు దాటినా, క్యారియర్ మీద సామాను పెట్టినా క్యాసెట్టే తీసుకోండి. దీనికోసం ఇంకాస్త డబ్బు పెట్టడం దండగ కాదు.

రిమ్ము డబుల్ వాల్ (రెండు పొరలున్నది) అయి ఉండాలి, వెనక 36 స్పోకులుంటే మేలు, 32కి తగ్గొద్దు. జంట జంటగా స్పోకుల్ని వేళ్ళతో నొక్కి చూడండి. ఒకే వైపువన్నీ దాదాపు ఒకే బిగువుగా ఉండాలి.

అపోహ: డిస్క్ బ్రేకు లేకపోతే సైకిల్ ఆగదు.

సరిగ్గా బిగించిన వి-బ్రేకు (రిమ్ముని రెండు పక్కలా రబ్బరుతో నొక్కేది) పొడి రోడ్డు మీద వెనక చక్రాన్ని పట్టి ఆపేయగలదు. వానలో మాత్రం డిస్కే నయం, వి-బ్రేకు రబ్బరు ముందు రిమ్ము మీది నీళ్ళని తుడవాలి కదా. అయితే పార్కింగ్‌లో పక్క సైకిల్ పెడల్ తగిలి డిస్కు వంగుతుంది. చైనుకి కొట్టిన నూనె స్ప్రే డిస్కు మీద పడితే కీచుమంటుంది, పట్టు పోతుంది. అప్పుడు డిస్కుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్యాడ్లు మార్చక తప్పదు.

అపోహ: సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి.

మోకాళ్ళ నొప్పులకి దారి ఇదే. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కూడా నేలకి సుమారు 11 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పాదాలు పూర్తిగా ఆనాయంటే సీటు బాగా కిందికి ఉన్నట్టు. పెడల్ అడుగున పెట్టి మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి, తొక్కేటప్పుడు మునివేళ్ళ వెనక భాగం పెడల్ మీద ఉండాలి. ఆగినప్పుడు సీటు దిగి నిలబడాలి, అందుకే ఫ్రేము పైగొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ చూసుకుని కొనండి.

మడ్‌గార్డ్, క్యారియర్ బిగించడానికి ఫ్రేము మీద బోల్టు రంధ్రాలు ఉన్నాయా అని కొనే ముందే చూడండి, తర్వాత వేయించలేరు. కొత్త స్పోకులు మొదటి నెలలో సర్దుకుని వదులవుతాయి. నెల తిరగ్గానే చక్రం ఔట్ (వంకర) తీయించి, బిగువు సరిచేయించండి.