రెస్ట్ ఏపీఐ: కొట్లలో వినే అపోహలు, అసలు వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి వైపు కొట్లకి బిల్లింగు, స్టాకు సాఫ్ట్‌వేర్లు రాసి పెడుతుంటాను. ఇప్పుడందరూ అడిగేది ఒకటే: "మా లెక్కలు ఫోన్‌లో కనబడాలి, ఇచ్ఛాపురం బ్రాంచికీ అందాలి." అంటే రెస్ట్ ఏపీఐ కావాలన్నమాట: లెక్కలుండే కంప్యూటర్ని (సర్వర్) ఫోనూ, బ్రాంచీ వెబ్ ద్వారా అడిగి జవాబు తెచ్చుకునే దారి. ఆ మాట మొదలవగానే ఇవి వినబడతాయి.

అపోహ: హెచ్‌టీటీపీఎస్ ఉంది, లాగిన్ ఉంది, ఇంకేం భయం?

వాస్తవం: హెచ్‌టీటీపీఎస్ డేటాని దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా చూస్తుంది. లాగిన్ మీరెవరో చెబుతుంది. అడిగిన బిల్లు మీదేనా కాదా అన్నది ఈ రెండింటికీ పట్టదు. బిల్లు వెబ్ చిరునామా చివర 1041 ఉంటే, లాగినైన మనిషి దాన్ని 1042 చేసి చూస్తాడు. సర్వర్ ఇచ్చేసిందా, పక్క కొట్టాయన బాకీలు వాడి చేతిలో ఉన్నట్టే. సాఫ్ట్‌వేర్ భద్రత చూసే ఓవాస్ప్ సంస్థ ఏపీఐ ముప్పుల జాబితాలో 2019లోనూ, 2023లోనూ మొదటి స్థానం ఈ లోపానిదే. ఊహించలేని పొడుగాటి ఐడీలు పెట్టండి, మంచిదే, కానీ వాటినే నమ్ముకోవద్దు. 'ఈ రికార్డు ఈ మనిషి చూడొచ్చా' అని ప్రతిసారీ సర్వరే తేల్చాలి. యాప్‌లో బటన్ దాచి ఊరుకుంటే కుదరదు. యాప్ లేకుండా కూడా సర్వర్‌ని నేరుగా అడగొచ్చు.

అపోహ: డేటాబేస్ టేబుల్లో ఉన్నదంతా పంపేయండి, యాప్ కావలసింది చూపిస్తుంది.

వాస్తవం: మీ కొన్న ధర కూడా వెళ్ళిపోతుంది మరి! తెరమీద కనబడకపోయినా అవతలివాడికి అందినట్టే.

అపోహ: సిగ్నల్ పోతే మళ్ళీ నొక్కితే సరి.

వాస్తవం: రాయగడ కొండల వైపు తిరిగే సేల్స్ కుర్రాళ్ళకి ఇది రోజూ ఉండే గొడవే. ఆర్డరు సర్వర్‌కి చేరి, జవాబు మాత్రం మధ్యలో పోయిందనుకోండి. మళ్ళీ నొక్కితే రెండో ఆర్డరు పడుతుంది. వెబ్‌లో సర్వర్‌ని అడిగే తీరులు కొన్ని ఉన్నాయి. వాటిలో గెట్ (చదవడం), పుట్ (ఉన్నదాని చోట మొత్తం రాయడం), డిలీట్ (తీసేయడం) ఒకే అభ్యర్థనని ఎన్నిసార్లు పంపినా ఒక్కసారి పంపినట్టే ఉండాలని హెచ్‌టీటీపీ నియమం. కొత్త ఆర్డరు రాయించడానికి వాడే పోస్ట్‌కి ఆ హామీ లేదు. అందుకే ప్రతి ఆర్డరుకీ ఫోనే ఒక ప్రత్యేక కోడ్ తగిలించి పంపాలి. అదే కోడ్ మళ్ళీ వస్తే సర్వర్ కొత్త ఆర్డరు రాయకుండా పాత జవాబే ఇవ్వాలి.

అపోహ: జేసాన్ (డేటాని అక్షరాల్లో రాసి పంపే ఒక రూపం) పంపితే అది రెస్ట్.

వాస్తవం: రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ గ్రంథంలో రెస్ట్‌ని వివరించినప్పుడు జేసాన్ ఊసే లేదు. ఎక్స్‌ఎంఎల్ అయినా, సీఎస్‌వీ అయినా పంపుకోవచ్చు.

అపోహ: ఒడియా, తెలుగు పేర్లు ఏపీఐలో పాడైపోతాయి, ఇంగ్లీషులోనే రాయించండి.

వాస్తవం: జేసాన్ వెళ్ళేదే యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా మార్చే పద్ధతి), అందులో రెండు లిపులూ ఉన్నాయి. పేరు బదులు ప్రశ్నార్థకాలు వస్తే ముందు డేటాబేస్ సెట్టింగు చూడండి. పేరు సగంలో తెగితే కాలమ్ పొడవు చూడండి. ఈ లిపుల్లో ఒక్కో అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి, గుణింతం గుర్తుకీ వత్తుకీ విడిగా లెక్క.