ఏది నాన్న చెయ్యి, ఏది అమ్మ చెయ్యి?

హైదరాబాద్

చిన్నీ, బన్నీ,

మొన్న ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు చూస్తూ నడుస్తుంటే బన్నీ అడిగాడు గుర్తుందా, "తాతయ్యా, అందరూ ఒంటరిగానే ఉన్నారేంటి? వీళ్లకి ఇంట్లోవాళ్లు లేరా?" అని. నా నోట్లో మిర్చిబజ్జీ ఉంది, జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తా.

ఇంటిల్లిపాదినీ కంచులో కూర్చోబెట్టినవాడు హెన్రీ మూర్ అనే ఇంగ్లండ్ శిల్పి. 1948-49లో చేశాడు. పేరు 'ఫ్యామిలీ గ్రూప్'. స్టీవెనేజ్ అనే ఊళ్లో ఒక బడికోసం చేసినది, ఎత్తు సుమారు అయిదడుగులు. పెళ్లైన 17 ఏళ్లకి, 1946లో, ఆయనకి కూతురు పుట్టింది. బొమ్మ చూస్తే ఆ సంగతి తెలిసిపోతుందనిపిస్తుంది నాకు.

ఫోటో కవర్లో పెట్టాను. అమ్మా నాన్నా పక్కపక్కన కూర్చున్నారు, మధ్యలో బిడ్డ. మొహాలు చూసి ఫలానావాళ్లని చెప్పలేం. చేతులు చూడండి. వేలితో ఒక్కో చెయ్యీ భుజం దగ్గర్నుంచి గీసుకుంటూ రండి. బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఏది ఎవరిదో తికమకగా ఉంటుంది. నేను రెండుసార్లు తప్పాను. అది ముడి అని మూరే అన్నాడు. నాకైతే పెళ్లిలో కొంగుముడి గుర్తొచ్చింది.

మనకిది కొత్తేం కాదు. వెయ్యేళ్ల కిందటే చోళుల కాలంలో శివుడు, ఉమ, మధ్యలో బుల్లి స్కందుడితో కంచు విగ్రహాలు పోశారు. సోమాస్కందమూర్తి అంటారు. స అంటే 'తో కూడిన', ఆపైన ఉమ, స్కంద: ఉమతో, స్కందుడితో ఉన్న శివుడని అర్థం, పేరులోనే ముగ్గురూ ఉన్నారు.

వాళ్లు ముందు మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి మెత్తి, కాల్చేవారు. మైనం కారిపోయి లోపల ఖాళీ మిగులుతుంది. రాగి, తగరం కరిగించి అందులో పోసి, చల్లారాక మట్టి పగలగొడతారు. మూస పోయినట్టే, అలాంటిది ఇంకోటి రాదు. లోపలంతా లోహమే, ఎత్తబోతే నడుం పడుతుంది. మూర్‌ది అలా కాదు, లోపల బోలు. ముందు ప్లాస్టర్‌తో చేసి పోత పోయించాడు కాబట్టి అదే బొమ్మ లండన్‌లోనూ ఉంది, న్యూయార్క్‌లోనూ ఉంది.

దసరా సెలవులకి రండి. బంకమట్టి, కొవ్వొత్తులు తెచ్చి పెడతా, మైనం కరిగించేదాకా మనమూ చేద్దాం. కంచు పొయ్యాలంటే మాత్రం వెయ్యి డిగ్రీల దాకా వేడి కావాలి. మీ నానమ్మ స్టవ్ ఇవ్వనంది.

తాతయ్య