తర్వాతి బస్సు ఎప్పుడు?

నగరం పెరుగుతోందంటే మెట్రో ఎక్కడి నుంచి ఎక్కడికి వెయ్యాలన్న చర్చ ముందుకొస్తుంది. బస్సు ఎన్ని నిమిషాలకొకటి రావాలన్నది ఎవరికీ పెద్దగా పట్టదు. స్టాపులో నిలబడ్డ మనిషికి మాత్రం అసలు ప్రశ్న అదే. అరగంటకో బస్సు ఉంటే, టైమ్ చూసుకోకుండా వెళ్లినవాళ్లు సగటున పావుగంట ఎదురుచూడాలి. పది నిమిషాలకొకటి ఉంటే ఐదు నిమిషాలు చాలు.

ఈ చిక్కు పాతదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాశ్చాత్య నగరాల్లో కార్లు విపరీతంగా పెరిగాయి. రోడ్డు మీది పట్టాలపై నడిచే తన పాత ట్రామ్‌లను లండన్ 1952లో పూర్తిగా ఆపేసింది. చాలాచోట్ల ట్రాఫిక్‌లో బస్సులు ఆలస్యమయ్యాయి, విసిగి జనం తగ్గారు, జనం లేరని ట్రిప్పులు తగ్గించారు. దాంతో మిగిలినవాళ్లూ దూరమయ్యారు. ఇదే చక్రం వెనక్కీ తిరుగుతుందని ఆర్థికవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లో చూపించాడు. ఎక్కేవాళ్లు పెరిగితే బస్సులు పెంచవచ్చు, అప్పుడు అందరికీ ఎదురుచూపు తగ్గుతుంది. టికెట్‌కు ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వాలనే వాదనకు ఇది గట్టి ఆధారమైంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కథ. ట్రామ్‌లను భూగర్భంలోకి దించే పథకాన్ని అక్కడి ఓటర్లు 1962లో, మెట్రో పథకాన్ని 1973లో తిరస్కరించారు. 1977లో మాత్రం, ఉన్న ట్రామ్‌లకు, బస్సులకు రోడ్డు మీదే అడ్డు తొలగించడానికి 20 కోట్ల ఫ్రాంకులు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ట్రామ్ దగ్గరికి రాగానే పచ్చలైటు పడేలా సిగ్నళ్లను మార్చారు. వేగం పెరిగితే ప్రయాణ సమయమే కాదు, ఎదురుచూపూ తగ్గుతుంది. ఒక రూట్లో వెళ్లి రావడానికి గంట పడితే ఆరు బండ్లతో పది నిమిషాలకొకటి నడపవచ్చు. ట్రాఫిక్ వల్ల అదే గంటన్నర పడితే ఆ ఆరు బండ్లే పదిహేను నిమిషాలకొకటి వస్తాయి. డ్రైవర్ల జీతాలు మాత్రం అంతే.

బ్రెజిల్‌లోని కురిటిబా 1974లో బస్సులకు విడి దారులు ప్రారంభించింది. ఎత్తయిన భవనాలకు ఆ దారుల వెంటే అనుమతి ఇచ్చింది. జనం ఎక్కడ ఉంటే బస్సు అక్కడికి పోవాలని కాకుండా, బస్సు ఉన్నచోటే జనం పెరిగేలా చూసింది. ఇప్పుడు పెరుగుతున్న నగరాలకు ఈ ముందుచూపే అన్నిటికంటే అవసరమని నా అభిప్రాయం.

అమెరికాలోని హ్యూస్టన్ 2015లో బస్సు రూట్లన్నీ కొత్తగా గీసి, తరచుగా బస్సులు నడిచే రూట్లను బాగా పెంచింది. మెలికలు తిరిగే పాత రూట్లను సూటిగా మార్చడంతో కొందరు స్టాపు దాకా ఎక్కువ దూరం నడవాల్సి వచ్చింది. నడవలేని వృద్ధుల సంగతేమిటన్న ప్రశ్న ఇలాంటి ప్రతి మార్పులోనూ వస్తుంది, రావాలి కూడా.