లిస్టును ముక్కలు చేస్తే పని తేలికవుతుందా? ఆర్‌లో అపోహలు – వాస్తవాలు

"సార్, లిస్టులో 33 డేటాఫ్రేములున్నాయి. ఒక్కోదాన్నీ విడి వేరియబుల్‌గా చేయాలి, ఎలా?" గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్ నేర్పడం మొదలుపెట్టాక ఈ ప్రశ్న రాని బ్యాచ్ లేదు. డేటాఫ్రేమ్ అంటే వరుసలు, నిలువు గడులున్న పట్టిక; లిస్టు అంటే అలాంటివాటిని ఒకేచోట పెట్టుకునే సంచి; వేరియబుల్ అంటే డేటాకు పెట్టుకునే పేరు. జవాబు ఒక్క లైను, లిస్టులోని ఒక్కోదాన్నీ దాని పేరుతోనే విడి వేరియబుల్‌గా చేసే లిస్ట్2ఎన్వ్ ఫంక్షన్. అది చెప్పేముందు నేనొకటి అడుగుతాను: విడదీశాక ఏం చేద్దామని?

అపోహ: వేరియబుల్‌లో దిద్దితే లిస్టులోనూ మారిపోతుంది.

వాస్తవం: మారదు. విడదీశాక దేని దారి దానిదే.

పోయినేడు ఒక పీహెచ్‌డీ అమ్మాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. తెల్లారితే గైడ్‌కి టేబుల్స్ ఇవ్వాలి. తెలంగాణ 33 జిల్లాల వరి దిగుబడి, జిల్లాకో డేటాఫ్రేమ్. నల్గొండలో కొన్ని వరుసలు క్వింటాళ్లకు బదులు కిలోల్లో పడ్డాయి. నల్గొండ వేరియబుల్‌లో సరిదిద్దింది, ప్రింట్ చేసి చూసుకుంది, బాగానే ఉంది. తర్వాత లిస్టు మీద ఎల్‌అప్లై (లిస్టులో ప్రతిదాని మీదా ఒకే పని చేసే ఫంక్షన్) నడిపింది. సగటు మళ్లీ ఎకరానికి వందల క్వింటాళ్లు! "మూడుసార్లు దిద్దాను సార్, ఫైలే పాడైందేమో" అంది ఏడుపు గొంతుతో. ఫైలుకేమీ కాలేదు. లిస్టులోదీ, వేరియబులూ రెండూ ఒకటేనని ఆమెకెవరో చెప్పారు, ఆమె నమ్మింది. లిస్టు పేరు, డాలర్ గుర్తు, నల్గొండ అని కొట్టించి అక్కడే దిద్దించాను. రెండు నిమిషాల పని. తప్పు అంత పెద్దది కాబట్టి కంటపడింది. చిన్న తేడా అయితే థీసిస్‌లోకి అలాగే వెళ్లిపోయేది. తెలియకుండానే ఇలా నష్టపోతున్నవాళ్లు ఎందరో.

అపోహ: విడదీయకపోతే ఒక్కోదాని మీద పని చేయలేం.

వాస్తవం: ఆర్‌తోపాటే వచ్చే నమూనా డేటా ఎంటీకార్స్ తీసుకోండి, 32 కార్లు. సిలిండర్ల సంఖ్యను (4, 6, 8) బట్టి స్ప్లిట్ ఫంక్షన్‌తో విడగొడితే మూడు ముక్కల లిస్టు. ఎల్‌అప్లై లాంటిదే అయిన ఎస్‌అప్లై ఒక్క లైనుతో మైలేజీ సగటు (గ్యాలన్‌కు మైళ్లలో) మూడింటికీ వస్తుంది: 26.66, 19.74, 15.10. అదే లిస్టును విడదీసి చూడండి. వర్క్‌స్పేస్‌లో (మీ వేరియబుల్స్ ఉండే చోటు) 4, 6, 8 అనే పేర్లతో వేరియబుల్స్ కూర్చుంటాయి. కన్సోల్‌లో (ఆదేశాలు టైప్ చేసే చోటు) 4 కొడితే డేటాఫ్రేమ్ రాదు, 4 అంకే వస్తుంది. పేరును బ్యాక్‌టిక్స్ (` గుర్తులు) మధ్య పెడితేగానీ పలకదు.

అపోహ: అదే పేరుతో ముందే వేరియబుల్ ఉంటే ఆర్ హెచ్చరిస్తుంది.

వాస్తవం: ఒక్క మాట కూడా అనదు. పాతది పోతుంది, అంతే.

విడదీస్తే మెమరీ రెట్టింపవుతుందన్నది పుకారు. మార్చేదాకా ఆర్ కాపీ చేయదు. విడదీయకుండానే లిస్టులోని పేర్లను నేరుగా వాడనిచ్చే అటాచ్ ఫంక్షన్ సురక్షితం అన్నదీ అంతే: వర్క్‌స్పేస్‌లో అదే పేరు ఉంటే ఆర్ ముందు దాన్నే తీసుకుంటుంది. "లిస్ట్2ఎన్వ్ పనిచేయట్లేదు" అనేవాళ్లు అందులో ఎన్వైర్ (వేరియబుల్స్‌ను ఎక్కడ పెట్టాలో చెప్పే ఆర్గ్యుమెంట్) దగ్గర గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్, అంటే మీ వర్క్‌స్పేస్, ఇచ్చారో లేదో చూసుకోండి. ఇవ్వకపోతే వేరియబుల్స్ కొత్త ఎన్విరాన్‌మెంట్‌లోకి వెళ్తాయి, మీ వర్క్‌స్పేస్‌లో కనబడవు.

ఇప్పటికే విడదీసి, వేరియబుల్స్‌లో దిద్దుకున్నవాళ్లు కంగారు పడకండి, చేసిన పని ఎక్కడికీ పోలేదు. పేర్లిస్తే ఆ వేరియబుల్స్‌ను తెచ్చే ఎమ్‌గెట్ ఫంక్షన్‌కి పాత లిస్టులోని పేర్లు ఇవ్వండి, దిద్దినవాటితో మళ్లీ లిస్టు కట్టిస్తుంది. ఎల్‌అప్లై ఆ కొత్త లిస్టు మీద నడపండి.