లా బన్యేథా వీధి రేసుకు బైక్ యాత్ర: అపోహలు - వాస్తవాలు

బైక్ యాత్రలు ప్లాన్ చేసి, దగ్గరుండి నడిపించడం నా పని. హైదరాబాద్, విజయవాడల నుంచి కొందరు వస్తారు. ఇంగ్లండ్‌లో ఉండే తెలుగువాళ్ళు కొందరు దారిలో కలుస్తారు. ఎక్కువమంది అడిగేది ఆల్ప్స్ కొండల గురించే. ఎప్పుడైనా ఒకరు ఫోన్ చేసి, "అన్నా, స్పెయిన్‌లో ఊరి వీధుల్లోనే బైక్ రేసు పెడతారట కదా, అది చూడాలని ఉంది" అంటే మాత్రం నాకు ఆ రోజంతా పండగలా ఉంటుంది.

ఆ ఊరి పేరు లా బన్యేథా. స్పెయిన్ వాయవ్యాన, లెయోన్ ప్రావిన్సులో ఉంది. జనాభా సుమారు పదివేలు. ఏటా ఆగస్టు నడిమధ్య ఊరి అమ్మవారి ఉత్సవాలతో పాటే అక్కడ మోటార్‌సైకిల్ రేసు జరుగుతుంది. 1950ల నుంచీ ఉన్న ఆనవాయితీ ఇది. ఈ యాత్ర గురించి నాకొచ్చే ఫోన్లలో అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు. వాటి వెనక ఉన్న అపోహలు కూడా మారవు.

అపోహ: స్ట్రీట్ రేసంటే పోలీసుల కళ్ళుగప్పి అర్ధరాత్రి పెట్టే రేసు.

ఒకసారి ఒకాయన భార్య నేరుగా నాకే ఫోన్ చేశారు. "అన్నయ్యా, ఈయన్ని దొంగ రేసులకి తీసుకెళ్తున్నది మీరేనా?" అని. ఆవిడ భయంలో తప్పేమీ లేదు. మన దగ్గర ఆ మాట వినపడేది అవుటర్ రింగ్ రోడ్డు మీద కుర్రాళ్ళు పట్టుబడినప్పుడే కదా.

వాస్తవం: ఇది పట్టపగలు, ఊరంతా కలిసి చేసుకునే రేసు. రోడ్లు మూసేస్తారు. లైసెన్సున్న రైడర్లు, జెండాలతో మార్షల్స్, సిద్ధంగా అంబులెన్సులు, అన్నీ ఉంటాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల ట్రాక్ మీద ఫార్ములా ఈ కార్లు తిరిగాయి గుర్తుందా? నగరం రోడ్లనే ట్రాక్‌గా మార్చడమంటే అదే. తేడా ఒక్కటే. అక్కడ కాంక్రీటు గోడలు, ఎత్తైన కంచెలు కట్టారు. లా బన్యేథాలో కరెంటు స్తంభాల చుట్టూ, ఇళ్ళ మూలల దగ్గర గడ్డి కట్టలు పేరుస్తారు. మామూలు రోజుల్లో జనం రొట్టెలు కొనుక్కుని నడిచి వెళ్ళే వీధి అది. రేసు రోజు బాల్కనీల నిండా మనుషులే. ఓ పెద్దావిడ తన గుమ్మం వెనక కుర్చీ వేసుకుని, ఒళ్ళో విసనకర్ర పెట్టుకుని, వెళ్ళే ప్రతి బండినీ తల తిప్పి చూడటం నేను కళ్ళారా చూశాను. మన ఊళ్ళో రథోత్సవం రోజు అరుగు మీద కూర్చునే అమ్మమ్మలు గుర్తొచ్చారు.

అపోహ: స్పెయిన్ రేసంటే మోటోజీపీయే. అదే ఇక్కడ వీధుల్లో జరుగుతుంది.

వాస్తవం: మోటోజీపీ, అంటే మోటార్‌సైకిల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్, జరిగేది హెరెస్, ఆరగోన్, వాలెన్సియా, బార్సిలోనా దగ్గరి మోంట్‌మెలో లాంటి శాశ్వత సర్క్యూట్లలో. ఒకప్పుడు ఆ ఛాంపియన్‌షిప్ రేసు, గ్రాండ్ ప్రీ, కూడా వీధుల్లోనే జరిగేది. 1951లో బార్సిలోనాలోని మోంజుయిక్ కొండ మీది పార్కు రోడ్లే ట్రాక్. అదే కొండ చుట్టూ 1955 నుంచి 1986 దాకా 24 గంటల మోటార్‌సైకిల్ రేసు నడిచింది. వేగం పెరిగింది, చెట్లూ గోడలూ ఉన్నచోటే ఉన్నాయి. ప్రమాదాలు పెరిగాక అక్కడ రేసులు ఆగిపోయాయి. ఆ రోడ్లు ఇప్పటికీ ఉన్నాయి. బార్సిలోనా మీదుగా వెళ్ళేవాళ్ళకి, ఒలింపిక్ స్టేడియం పక్క నుంచి ఆ కొండ ఒక్కసారి నెమ్మదిగా దిగి రమ్మని తప్పకుండా చెప్తాను.

లా బన్యేథాలో పరిగెత్తేవి చాలావరకు పాత క్లాసిక్ బండ్లు, చిన్న 125 సీసీ బండ్లు. బుల్తాకో, మోంతెసా లాంటి పాత స్పెయిన్ బండ్ల పక్కన నిలబడితే టూ స్ట్రోక్ పొగ ముక్కుకి తగులుతుంది. ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్ళకి ఆ వాసన గురించి నేను చెప్పక్కర్లేదు. నాతో వచ్చిన గుంటూరు పెద్దాయన ఒకరు, యాభై ఐదేళ్ళ మనిషి, ప్రాక్టీసులో మొదటి బండి స్టార్ట్ అవగానే కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయారు.

అపోహ: ముందు బైక్ బుక్ చేసుకోవాలి, గది ఎక్కడైనా దొరుకుతుంది.

వాస్తవం: దీన్ని పూర్తిగా తిరగేయండి. ముందు మంచం, తర్వాత విమానం, చివర బైక్. ఆగస్టు 15 మనకి స్వాతంత్ర్య దినం, స్పెయిన్‌కి కూడా జాతీయ సెలవే, మేరీమాత పండగ. ఆ వారం స్పెయిన్‌లో చాలా ఊళ్ళలో ఏదో ఒక ఉత్సవం ఉంటుంది. పదివేల మంది ఉండే ఊళ్ళో హోటల్ గదులు ఎన్నుంటాయి? రేసుకొచ్చే జనం వాటికి ఎన్నో రెట్లు. ఉత్తరాన పాతిక కిలోమీటర్ల దూరంలో అస్తోర్గా ఉంది కదా అనుకుంటారు. కానీ అది శాంతియాగో కాలినడక యాత్ర దారిలో ఉన్న ఊరు. ఆగస్టులో అక్కడి గదులు ముందే యాత్రికులతో నిండిపోతాయి. అందుకే నేను లెయోన్ నగరంలోనో, దక్షిణాన బెనవెంతేలోనో గదులు చూస్తాను. రెండూ బైక్ మీద గంట లోపు దూరమే. అదీ జనవరిలోనే. రేసు తేదీలు ఊరి మోటో క్లబ్ ప్రకటించేదాకా ఆగకుండా, ఆగస్టు 15కి అటూ ఇటూ ఉన్న వారాంతాలు రెండూ, రద్దు చేసుకునే వీలున్న గదుల్లో పట్టి ఉంచుతాను. తేదీ ఖరారయ్యాక ఒకటి వదిలేస్తాను.

అపోహ: ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంటే చాలు, బైక్ ఇచ్చేస్తారు.

వాస్తవం: ఆ పుస్తకంలో ఏ గడిలో ముద్ర పడిందో చూడండి. 'ఏ' అంటే మోటార్‌సైకిల్, 'బి' అంటే కారు. ఒకసారి నా బృందంలో ఒకబ్బాయి మాడ్రిడ్ దాకా వచ్చాడు. జాకెట్, బూట్లు, గ్లవ్స్ అన్నీ కొత్తవి. బండి అద్దెకిచ్చే కౌంటర్లో అమ్మాయి అతని పర్మిట్ తిరగేసి, 'బి' గడి మీద ముద్ర చూపించి, 'ఏ' గడి ఖాళీగా ఉందని వేలు పెట్టి చూపించింది. బతిమాలినా లాభం లేకపోయింది. వారం రోజులూ నా వెనక సీట్లోనే కూర్చున్నాడు. బయల్దేరే ముందు ఆ పేజీ ఫోటో పంపమని నేను అడగలేదు, తప్పు నాది. అప్పటి నుంచీ అందరి పర్మిట్ పేజీలూ నేనే చూసి టిక్కు పెట్టుకుంటున్నాను. ఒరిజినల్ లైసెన్సు కూడా వెంట ఉండాలి, పర్మిట్ ఒక్కటే చెల్లదు. డిపాజిట్‌కి క్రెడిట్ కార్డు అడుగుతారు, చాలాచోట్ల డెబిట్ కార్డు కుదరదు.

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళకి ఒక మాట. అక్కడ బండి నేర్చుకునేవాళ్ళకిచ్చే సీబీటీ అనే శిక్షణ సర్టిఫికెట్‌తో 125 నడుపుతున్న విద్యార్థులు ఆ కాగితంతో స్పెయిన్‌లో నడపడానికి లేదు. అది బ్రిటన్ దాటితే చెల్లదు.

వీసా కోసం తీసుకునే ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి, అది అందరికీ తెలుసు. చాలా పాలసీల్లో పెద్ద ఇంజన్ బైక్ నడుపుతూ పడితే వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టకండి.

అపోహ: స్పెయిన్‌లో రోడ్డుకి కుడివైపు నడపడం గంటలో అలవాటైపోతుంది.

వాస్తవం: ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. కొంచెం ఓపిగ్గా చదవండి. మొదటి రోజు ఎవరూ తప్పు చేయరు. భయం ఉంటుంది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతారు. ప్రమాదం మూడో రోజు పొద్దున వస్తుంది. కాఫీ తాగుతారు, ఎండ హాయిగా ఉంటుంది, రోడ్డు ఖాళీగా ఉంటుంది. ముందు వెళ్ళే కారు కూడా ఉండదు, చూసి అనుసరించడానికి. పెట్రోల్ బంకులోంచి బయటికి వస్తూ, చెయ్యి తనంతట తానే ఎడమవైపు తిప్పేస్తుంది. ఇరవై ఏళ్ళు మన రోడ్ల మీద నేర్చుకున్న చెయ్యి అది.

లెయోన్ వెళ్ళే కొండదారిలో, రియాన్యో అనే ఊరి దగ్గర, నా కళ్ళ ముందే జరిగింది. మంచి రైడర్, లడఖ్ మూడుసార్లు వెళ్ళొచ్చినవాడు. ఫోటో తీసుకోవడానికి ఆగి, మళ్ళీ ఎక్కి, నిబ్బరంగా ఎడమవైపు పోతున్నాడు. నేను వెనక నుంచి హారన్ కొడుతూనే ఉన్నాను. మలుపు అవతల నుంచి పాల ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ పూర్తిగా ఆపేశాడు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత పది నిమిషాలు ఇద్దరం రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని మాట్లాడుకోలేదు.

అప్పటి నుంచి ప్రతి బండికీ స్పీడోమీటర్ పక్కన పచ్చ టేపు ముక్క అంటించి, దాని మీద కుడివైపుకి బాణం గీస్తాను. ఆగిన ప్రతిచోటా, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు, "కుడి" అని పైకి అనాలి. అందరూ అనాలి, నేను కూడా అంటాను.

అపోహ: హైవే పట్టుకుని పోతే త్వరగా చేరతాం, అదే మంచిది.

వాస్తవం: త్వరగా చేరతారు, నిజమే. మాడ్రిడ్ నుంచి ఏ-6 మీద మూడొందల కిలోమీటర్లే. కానీ స్పెయిన్ వచ్చి పీకోస్ దె ఎవ్రోపా కొండలు చూడకుండా వెళ్ళడం నాకు మనసొప్పదు. ఇంగ్లండ్ నుంచి ఓడలో శాంతాందేర్‌లో దిగేవాళ్ళకైతే దారి ఇంకా బాగుంటుంది. ఎర్మీదా లోయలో ఇరుకు రోడ్డు, పోతెస్‌లో మజిలీ, 1,609 మీటర్ల సాన్ గ్లోరియో కనుమ, అక్కడి నుంచి రియాన్యో జలాశయం, తర్వాత లెయోన్. ఆ జలాశయం కింద పాత రియాన్యో ఊరుంది, 1987లో మునిగింది. శ్రీశైలం ముంపు ఊళ్ళవాళ్ళు నాతో వస్తే అక్కడ కాసేపు ఎక్కువ ఆగుతాను. ఈ దారిలో రోజుకి 250 కిలోమీటర్లు మించి పెట్టుకోకండి.

బంకులో ఒక్క జాగ్రత్త. 'గాసోలినా' అంటే పెట్రోలు, 'గాసోలియో' అంటే డీజిలు. పేర్లు చెవికి ఒకేలా వినపడతాయి. పేరు వదిలేసి గుర్తు చూడండి. గుండ్రటి గుర్తులో ఈ5 అని ఉంటే పెట్రోలు, చదరపు గుర్తులో బి7 అని ఉంటే డీజిలు.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి.

వాస్తవం: పస్తులేమీ ఉండరు. కానీ "సిన్ కార్నే", అంటే మాంసం వద్దు, అంటే చాలదు. హామ్‌ని, అంటే పంది తొడ మాంసాన్ని, అక్కడ చాలామంది మాంసం కింద లెక్కపెట్టరు. "సిన్ హమోన్" అని కూడా చెప్పాలి. ఆ ప్రాంతపు చిక్కుళ్ళు పేరున్నవి, కానీ ఎక్కువగా చొరీథో అనే పంది మాంసం సాసేజ్ వేసి వండుతారు. ఆవకాయ తెచ్చుకోండి. నెయ్యి, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. బయటి దేశాల మాంసం, పాల పదార్థాలు యూరప్ కస్టమ్స్ లోపలికి రానివ్వదు. మాంసాహారులైతే అస్తోర్గాలో కొసీదో మరగాతో తినండి. అక్కడ ముందు మాంసం, తర్వాత శనగలూ క్యాబేజీ, ఆఖరికి సూప్ వడ్డిస్తారు.

అపోహ: మలుపు బయటి అంచున నిలబడితేనే రేసు బాగా కనబడుతుంది.

వాస్తవం: అదుపు తప్పిన బండి వెళ్ళేది కూడా అక్కడికే. 1975లో మోంజుయిక్‌లో ఫార్ములా 1 కారు కంచె దాటి వెళ్ళినప్పుడు ట్రాక్ పక్కనున్న వాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మళ్ళీ అక్కడ ఫార్ములా 1 జరగలేదు. గడ్డి కట్ట రైడర్‌ని కాపాడటానికి పెట్టింది. దాని మీద కూర్చుని కాళ్ళు ట్రాక్ వైపు వేలాడదీయకండి. మార్షల్ వెనక్కి జరగమంటే, భాష అర్థం కాకపోయినా, జరగండి. నేను నా వాళ్ళని మలుపు లోపలి వైపు, బ్రేకులు వేసే చోటికి కొంచెం ముందు నిలబెడతాను. గేర్లు దింపుతున్న చప్పుడు, ముందు ఫోర్కు కుంగడం, రైడర్ మోకాలు బయటికి రావడం, అన్నీ అక్కడి నుంచే కనబడతాయి. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి. మీ బండి రోడ్లు మూసేముందే ట్రాక్ వలయానికి బయట పెట్టాలి. లోపల పెడితే రేసులు ముగిసేదాకా అక్కడే ఉండిపోతుంది.

అపోహ: అక్కడందరూ వేగంగానే పోతారు, మనం కూడా పోవచ్చు.

వాస్తవం: రేసు చూసిన రక్తం వేడి మీద ఉంటుంది, ఆ సంగతి గువార్దియా సివిల్ పోలీసులకి బాగా తెలుసు. మామూలు రెండు వరసల రోడ్డు మీద వేగం హద్దు గంటకి 90 కిలోమీటర్లు. ఒక్కో వైపు ఒకే లేన్ ఉన్న ఊరి వీధుల్లో 2021 మే నుంచి 30. ఊరి బయట హద్దుకి 80 కిలోమీటర్లు మించితే జరిమానాతో పోదు, క్రిమినల్ కేసవుతుంది. విదేశీయులైతే అక్కడికక్కడే డబ్బు కట్టాలి, లేకపోతే బండి ఆపేస్తారు.

అపోహ: చివరి రేసు అవగానే బయల్దేరిపోవాలి.

వాస్తవం: ఆదివారం రాత్రికి కూడా గది ఉంచుకోండి. సాయంత్రానికి గడ్డి కట్టల్ని లారీలకెక్కిస్తారు, బార్లవాళ్ళు కుర్చీలు మళ్ళీ వీధిలోకి తెస్తారు. మధ్యాహ్నం దాకా హెల్మెట్లలో చూసిన రైడర్లు మామూలు చొక్కాల్లో పక్క టేబుల్ దగ్గర కూర్చుని ఉంటారు. వెళ్ళి పలకరించండి, బండి గురించి అడగండి. భాష రాకపోతే చేతులతో అడగండి. కార్బ్యురేటర్ గురించి అడిగితే చాలు, ఎవరో ఒకరు కుర్చీ జరిపి చోటిస్తారు. సోమవారం పొద్దున తొమ్మిదికి, టేపు మీది బాణం చూసుకుని, "కుడి" అని బయల్దేరదాం.